మహదేవపుర చెరువులో ఏమీ లేదు

బెంగుళూరు నగర్తపేటలో మునినారాయణప్ప గొంతు తెలియని ఇల్లు లేదు. సందు ఈ చివర కూర్చుని ఆయన భార్యను మంచినీళ్ళు అడిగితే, ఆ చివరింట్లో ఎవరో ఒకరు చెంబు ముంచేవారని చెప్పుకునేవారు. మనిషి చూస్తే బక్కపలుచన. అంత గొంతును ఆ ఒంట్లో ఎక్కడ దాచుకున్నాడో తెలియదు. బళేపేటలో వెంకటేశప్ప గాజుల అంగట్లో గుమాస్తాగా ఉండేవాడు. చదువు మిడిల్ స్కూలు పరీక్ష దాకా వచ్చి అక్కడ ఆగిపోయింది. ఇంగ్లీషు మాత్రం ఆగలేదు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, సైన్యం ఉండే దండు వైపు పోతే అరవం మాట్లాడేవాడు. ఇంగ్లీషు మాత్రం ఎదుటివాడు ఎవరైనా సరే, వాడికి అర్థమైనా కాకపోయినా మాట్లాడేవాడు.

యుద్ధం వచ్చాక విదేశీ గాజులు రావడం ఆగిపోయింది. వచ్చే ఆ కాస్త స్వదేశీ సరుకు అమ్మడానికి అంత గొంతు అక్కరలేకపోయింది. వెంకటేశప్ప ఆ సంగతి మర్యాదగానే చెప్పి చూశాడు.

"మెల్లగా మాట్లాడప్పా. నువ్వు అరిస్తే ఉండే గాజులూ పగులుతాయి."

ఇలా ఉండగా 1943లో ఒక మధ్యాహ్నం సైన్యం జీపు ఒకటి బళేపేట సందులో రెండు ఎద్దుల బండ్ల మధ్య ఇరుక్కుంది. అందులోంచి ఒక ఎర్రటి దొర దిగి, ఎదురుగా కనిపించిన అంగట్లోకి వచ్చి, మందపాటి రబ్బరు ఉందా అని అడిగాడు. అది గాజుల అంగడి. గోడల నిండా గాజులే వేలాడుతున్నాయి. వెంకటేశప్ప నోరు తెరిచేలోగా మునినారాయణప్ప లేచి నిలబడ్డాడు.

"యెస్ సార్. హావింగ్ సార్."

అని, పక్క సందులోని సైకిలు రిపేరు అంగడికి పరుగెత్తి, పాత ట్యూబులు కోసి చుట్ట చుట్టించి తెచ్చి దొర చేతిలో పెట్టాడు. "బెస్ట్ రబ్బర్ సార్. జర్మన్ రబ్బర్ సార్," అన్నాడు. యుద్ధం ఎవరితో జరుగుతున్నదో ఆ క్షణాన ఆయనకు గుర్తు లేదు.

దొర పేరు కెప్టెన్ హార్విల్. ఈ దేశానికి వచ్చిన దగ్గర్నుంచి ఏది అడిగినా లేదనే జవాబే విని ఉన్నాడు. ఉక్కు లేదు, పెట్రోలు లేదు, పనివాళ్ళు లేరు. ఉందని చెప్పిన మొదటి మనిషి మునినారాయణప్ప. ఎన్ని భాషలు వచ్చునని దొర అడిగాడు. "ఆల్ సార్," అని జవాబు వచ్చింది. వారం తిరక్కుండా మునినారాయణప్పకు దండులో ఉద్యోగమూ ఒక కాకీ చొక్కా దొరికాయి. దానికి తగిన నిక్కరు స్టోర్సులో లేదన్నారు. కనుక పంచె మీదనే ఆ చొక్కా తొడుక్కుని, చక్రవర్తి సైన్యంలో చేరిపోయాడు.

హార్విల్ అక్కడొక షెడ్డులో ఒక బండి తయారు చేయిస్తున్నాడు. నాలుగు చక్రాలు, చుట్టూ ఉక్కు కవచం, ముందు పడవ మూతి, వెనక నీళ్ళను తోసే పంకా, పైన తల బయటపెట్టి చూడటానికి ఒక గుండ్రటి కంత. బర్మాలో నదులెక్కువ. ఉన్న వంతెనలన్నీ కూలిపోయాయి. అందువల్ల నేల మీద కారులాగా పోయి, నది అడ్డం వస్తే పడవలాగా దాటి, జపాను సైన్యం ఎక్కడుందో, ఎంత ఉందో చూసి, ఎవరి కంటా పడకుండా తిరిగి రావడం ఆ బండి పని. యుద్ధం చేయనక్కరలేదు. చూసి వస్తే చాలు. ఎవరి కంటా పడకూడని బండి గనక దాన్ని గున్నేనుగంత చేశారు. ఇంజను వేస్తే ఆ చప్పుడు కృష్ణరాజపురం స్టేషనులో టికెట్లిచ్చే ఆయనకు వినిపించేది.

నీళ్ళలో పరీక్షించడానికి మహదేవపుర పక్కనున్న చెరువును ఎంచుకున్నారు. ఊరికి దూరం, చుట్టూ రాగి చేలు, చెరకు తోటలు, చెరువు కింద వరి మళ్ళు. కట్ట పక్కన టార్పాలిన్లు కప్పి ఒక కొట్టం వేశారు. అంతా రహస్యం. హార్విల్ మునినారాయణప్పను పిలిచి, ఆయన చేయవలసిన పని వివరించాడు.

"ఆ చెరువులో ఏమీ లేదు. అర్థమైందా?"

"యెస్ సార్. ఏమీ లేదు సార్."

"చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు ఆ సంగతి బాగా తెలియాలి."

పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ లేదని చెప్పని మనిషికి, లేదని చెప్పడమే ఉద్యోగమైంది. అయినా మునినారాయణప్ప వెనకాడలేదు. తప్పెట కొట్టే మనిషిని వెంటబెట్టుకుని ఊరూరా తిరిగాడు. "ఇందుమూలంగా అందరికీ తెలియజేయడం ఏమనగా, మహదేవపుర చెరువులో ఏమీ లేదు. ఏమీ లేని ఆ చెరువును చూడటానికి ఎవరూ రాకూడదు," అని తన గొంతు మొత్తం పెట్టి చాటాడు.

అంతవరకూ ఆ బండి సంగతి చెరువు పక్క ఊరికి తప్ప ఎవరికీ తెలియదు. మర్నాటికి అంత దూరం వర్తూరు నుంచి కూడా జనం వచ్చారు. ఆ పైవారానికి కట్ట మీద ఒక కాఫీ కొట్టు వెలిసింది.

చెరువుగట్టున ఎనుములు, అంటే గేదెలు, మేపుకునే చౌడమ్మ అనే ఆవిడ మొదటి రోజే మునినారాయణప్పను నిలేసింది. నడివయసు మనిషి, చేతిలో వెదురు కర్ర.

"ఏమప్పా కాకీ చొక్కా, చెరువులో ఏమీ లేదని తప్పెట కొట్టిస్తివే. నా ఎనుములను దింపొచ్చా?"

"దింపకూడదమ్మా."

"ఏమీ లేదంటివి కదా."

"ఏమీ లేదు. అందుకే దింపకూడదు."

చౌడమ్మ కర్ర మీద గడ్డం ఆనించింది. "అట్లయితే నిన్న నా ఎనుముకు అడ్డమొచ్చి, ముక్కుల మీద పొగ వదిలిపోయిందే, అదేమి?"

"అది నువ్వు చూళ్ళేదు."

"నేను చూస్తిని. నా ఎనుమూ చూసింది. బెదిరిపోయి ఈ పొద్దు పాలు కూడా ఇయ్యలేదు."

"ఎనుము సంగతి నా డ్యూటీలో లేదమ్మా," అని మునినారాయణప్ప చరచరా ముందుకు పోయాడు.

తల మాత్రం పైకి పెట్టి నీళ్ళలో పడి ఉండే ఆ బండికి ఊరివాళ్ళు ఇనప ఎనుము అని పేరు పెట్టారు. హార్విల్‌ను హరివిల్లు దొర అన్నారు. దొరకు ఆ పేరు నచ్చింది. అర్థమేమిటని అడిగితే మునినారాయణప్ప, "గ్రేట్ ఆఫీసర్ సార్," అని చెప్పాడు.

ఇంటి దగ్గర మాత్రం ఆయన కష్టం ఆయనకుంది. ఎప్పుడూ ఊళ్ళో కబుర్లు మోసుకొచ్చి అరుగు మీద కూర్చుని చెప్పడం ఆయన అలవాటు. ఇన్నేళ్ళలో చెప్పుకోదగ్గ కబురు ఒక్కటీ దొరకలేదు. ఇప్పుడు బెంగుళూరు మొత్తంలో పెద్ద కబురు చేతిలో ఉంది, చెప్పడానికి లేదు. పోనీ ఎవరైనా బతిమాలి అడిగితే, చెప్పకుండా ఊరించే సుఖమైనా ఉండేది. ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు. ఆయన భార్య కదిరమ్మకైతే ఆయనకంటే ఎక్కువ తెలుసు.

"ఈ పొద్దు తేలిందా?" అంది ఒక సాయంత్రం, సంగటి ముద్ద వడ్డిస్తూ.

"ఏమి తేలేది?"

"నీ ఇనప ఎనుము."

"ఎవరు చెప్పినారు నీకు?"

"కొత్తిమీర అమ్మొచ్చే మనిషి. మొన్న ఒక చక్రం నీళ్ళలో ఊడిపోయిందంట కదా. దొర చల్లాడం మోకాళ్ళ పైకి మడుచుకుని బురదలో దిగి వెతికినాడంట."

ఆ చక్రం సంగతి మునినారాయణప్పకు తెలియదు. ఆ రోజు ఆయన వేరే ఊళ్ళో ఏమీ లేదని చాటుతున్నాడు. ఏ చక్రం, ముందుదా వెనకదా అని అడగబోయి తమాయించుకున్నాడు.

"చక్రమూ లేదు, బండీ లేదు. అన్నం తిననియ్యి."

"తిను. నేనేమన్నా పట్టుకున్నానా? దొరికిందంటలే, చింత పడొద్దు," అంది కదిరమ్మ.

ఇలా కొన్ని నెలలు గడిచాయి. బండి కొన్నాళ్ళు మునిగింది, కొన్నాళ్ళు పొగ మాత్రం వదిలింది. చివరికి ఒక రోజు నిజంగానే తేలి, చెరువులో పెద్ద చుట్టు తిరిగి వచ్చింది. హార్విల్ ఆనందం పట్టలేక పైవాళ్ళకు కబురు చేశాడు. సైన్యంలో ఒక పెద్ద దొర వచ్చి కళ్ళారా చూస్తాడని జవాబు వచ్చింది. వెంటనే బండిని రంగు వేయించడానికి దండుకు తీసుకుపోయారు. చెరువులో కనబడకుండా ఉండాలని ఆకుపచ్చ రంగు వేయాలని ఒకరు, బురద రంగు వేయాలని ఒకరు వాదించుకుని రెండూ వేశారు.

బండి రంగుకు పోయిన ఆ రోజుల్లోనే నీరుగంటి గురప్ప కట్ట మీద మునినారాయణప్పను కలిశాడు. చెరువు తూము ఎత్తడం, దించడం, మళ్ళకు నీళ్ళు పంచడం గురప్ప పని. మాటలు తక్కువ మనిషి.

"అన్నా, సోమవారం తూము ఎత్తాల. మళ్ళు ఎండుతా ఉండాయి. చెరువులో మీదేమన్నా పని ఉంటే ఒక మాట చెప్పు. కొన్ని దినాలు నిలుపుతా. రైతులకు నేను చెప్పుకుంటా."

అలా అడిగిన మనిషి నిలబడి ఉన్న చోటికి నాలుగడుగుల్లో టార్పాలిన్ కొట్టం ఉంది. గట్టంతా చక్రాల గాడి పడి ఉంది. గ్రీసు వాసన వస్తున్నది. మునినారాయణప్ప ఆ కొట్టం వైపు చూడకుండా, "చెరువులో ఏమీ లేదు గురప్పా," అన్నాడు.

"నిజంగానే?"

"ఏమీ లేదు."

"సరే అయితే," అని గురప్ప వెళ్ళిపోయాడు. సోమవారం తూము ఎత్తాడు.

ఈ సంగతి హార్విల్ చెవిన వేయాలని మునినారాయణప్పకు తోచకపోలేదు. కానీ చెబితే, ఊరివాడితో బండి గురించి మాట్లాడినట్టు తనంతట తాను ఒప్పుకున్నట్టవుతుంది. రహస్యం కాపాడటమే తన ధర్మమనుకుని కాపాడాడు. మళ్ళు తడిశాయి. చెరువులో నీళ్ళు రోజురోజుకూ కిందికి జరిగాయి.

ప్రదర్శన రోజు వచ్చింది. అనుకున్న పద్ధతి ఇది. అవతలి గట్టున చెరకు తోటలో కొందరు సిపాయిలు శత్రువుల్లాగా దాక్కుంటారు. బండి ఈ గట్టున నీళ్ళలోకి దిగి, చప్పుడు కాకుండా చెరువు దాటి, శత్రువులను లెక్కబెట్టి, వైర్‌లెస్సులో చెప్పి, తిరిగి వస్తుంది. శత్రువులు తెల్లవారకముందే తోటలో దూరి, ఏమీ తోచక చెరకు నమలడం మొదలుపెట్టారు. వాళ్ళు ఎక్కడున్నారో కనుక్కోవడానికి బండి అక్కరలేదు. తోట యజమాని తిట్లను బట్టి ఎవరైనా చెప్పగలరు.

పొద్దెక్కేసరికి కట్ట నిండా జనం. కొంగుల్లో బొరుగులు కట్టుకుని, పిల్లలను భుజాలకెత్తుకుని వచ్చారు. హార్విల్ మొహం పాలిపోయింది. పెద్ద దొర కారు దూరాన దుమ్ము లేపుకుంటూ కనబడుతున్నది.

"ఐ విల్ మేనేజ్ సార్," అన్నాడు మునినారాయణప్ప. కట్ట మీదికెక్కి గొంతెత్తాడు. "అందరూ వినండి. చెరువు వైపు వీపు పెట్టి నిలబడండి. ఇటు తిరిగి చూసినవాళ్ళను పోలీసులు పట్టుకుపోతారు. నేను చెప్పేదాకా ఎవరూ తిరగకూడదు."

జనం నవ్వుకుంటూనే అటు తిరిగారు. చౌడమ్మ తన ఎనుములను కూడా తిప్పి నిలబెట్టింది. పెద్ద దొర కారు దిగి, కట్ట పొడవునా వరసగా ఉన్న వీపులను చూసి, ఇది ఇక్కడి ఆచారమా అని అడిగాడు. హార్విల్ కాస్త ఆలోచించి అవునన్నాడు.

పెద్ద దొరకు ఇంకొక సందేహం వచ్చింది. బర్మాలో అయితే దారి చెప్పడానికి, జనంతో మాట్లాడటానికి బండిలో ఆ ప్రాంతపు మనిషి ఒకడు ఉండాలి కదా, అతడేడి అన్నాడు. హార్విల్ చుట్టూ చూశాడు. ఆ కట్ట మీద చెరువు వైపు మొహం పెట్టి నిలబడిన ఈ ప్రాంతపు మనిషి మునినారాయణప్ప ఒక్కడే.

ఆయనకు ఈత రాదు. ఆ సంగతి చెప్పడానికి నో అనే మాట ఒకటి కావాలి. దొర ముందు ఆ మాట ఆయనకు ఎన్నడూ నోటికి రాలేదు. ఒక నిమిషం తర్వాత డ్రైవరూ, వైర్‌లెస్ మనిషీ కూర్చున్న ఆ ఉక్కు డొక్కలో వాళ్ళ మధ్య ఇరుక్కుని, పై కంతలోంచి తల బయటపెట్టి ఉన్నాడు. కాళ్ళ కింద పెట్రోలు వాసన, పక్కన ఇంజను వేడి.

బండి ఊగుతూ నీళ్ళలోకి దిగింది. చక్రాలు నేల వదిలిన క్షణం మునినారాయణప్పకు తెలిసింది. ఇన్ని నెలలు ఊరూరా లేదు లేదని చాటిన వస్తువు తనను మోసుకుని నీళ్ళ మీద పోతున్నది. గట్టు వెనక్కు జరుగుతున్నది. కొంగలు లేచిపోతున్నాయి. ఎంత బాగా చేసినారు, అనుకున్నాడు. ఇంటికి పోయి కదిరమ్మకు చెప్పలేకపోయినా సరే, తాను ఎక్కాడు, అది తేలింది.

చెరువు నడిమధ్యకు పోయేసరికి కింద ఏదో మెత్తగా తగిలింది. అక్కడ ఏనాటి నుంచో వరద తెచ్చి వేసిన మేట ఉంది. నిండు చెరువులో అది ఎవరికీ అడ్డం కాదు. తూము ఎత్తాక నీళ్ళు తగ్గి మేట పైకి వచ్చింది. డ్రైవరు పంకా తిప్పాడు. బురద వెనక్కు చిమ్మింది. చక్రాలు తిప్పాడు. బండి ఉన్నచోటే ఇంకా కిందికి దిగింది. నేల మీద పోవడానికి చక్రాలున్నాయి, నీళ్ళలో పోవడానికి పంకా ఉంది. బురద అనేది ఒకటుంటుందని షెడ్డులో ఎవరికీ తట్టలేదు.

ఇంతలో చక్రాల ఇరుసుల దగ్గర రబ్బరు బిగించిన చోట్ల నుంచి నీళ్ళు లోపలికి రావడం మొదలైంది. ఆ రబ్బరు ఎక్కడిదని డ్రైవరు బూతులు తిట్టాడు. ఆ జర్మన్ రబ్బరు తెచ్చిన మునినారాయణప్ప కొంగల వైపు చూశాడు. వైర్‌లెస్ మనిషి గట్టుకు కబురు చెప్పబోయేలోగా బ్యాటరీ తడిసి మూగపోయింది. బండి ఒక పక్కకు ఒరిగింది. ఈత వచ్చిన ఆ ఇద్దరూ, సాయం తెస్తామని చెప్పి, దగ్గరున్న చెరకు తోట గట్టు వైపు ఈదుకుంటూ పోయారు. మునినారాయణప్ప పైకెక్కి, ఇనప కమ్మీ పట్టుకుని వేలాడుతూ మిగిలాడు.

ఆయన దగ్గర ఇక ఉన్నదల్లా గొంతే. "రండి, కాపాడండి, మునిగిపోతా ఉండాను," అని అరిచాడు. ఆ సమయానికి ఇంగ్లీషు మొత్తం ఆయన్ను వదిలిపెట్టి పోయింది. దొరలకు తెలుగు రాదు. ప్రాంతపు మనిషి జనంతో మాట్లాడుతున్నాడనుకుని పెద్ద దొర మెచ్చుకోలుగా తలాడించాడు. తెలుగు వచ్చినవాళ్ళంతా అటు తిరిగి నిలబడి ఉన్నారు.

చౌడమ్మ తల తిప్పకుండానే కేకేసింది. "ఎవరప్పా ఆ అరిచేది?"

"నేను, మునినారాయణప్ప. చెరువులో ఉండాను."

"చెరువులో ఏమీ లేదు కదా."

కట్ట మీద నవ్వులు మొదలయ్యాయి. నీళ్ళు మునినారాయణప్ప పంచె కుచ్చిళ్ళ దాకా వచ్చాయి.

"ఉండాది తల్లీ," అన్నాడు ఆయన. "బండి ఉండాది. బురదలో దిగబడి ఉండాది. నేనూ దాని మీదనే ఉండాను. నాకు ఈత రాదు."

నవ్వులు ఆగాయి. జనం ఇటు తిరిగారు. అప్పటికే గురప్ప గట్టున బోర్లించిన తన హరిగోలును, చర్మం చుట్టిన ఆ గుండ్రటి బుట్టపడవను, నీళ్ళలోకి తోశాడు. గడ వేసుకుంటూ నిమ్మళంగా వచ్చి, బండి పక్కన ఆపి, చెయ్యి పట్టుకుని దింపుకున్నాడు.

బుట్ట అంచు రెండు చేతులా పట్టుకుని మునినారాయణప్ప ఏదో చెప్పబోయాడు. "గురప్పా, తూము..."

"ఇప్పుడు మాట్లాడొద్దన్నా. హరిగోలు ఊగుతాది," అన్నాడు గురప్ప.

మర్నాడు కట్ట పక్కనే డేరా వేసి విచారణ పెట్టారు. దుబాసి ఇంకెవరూ దొరక్క మునినారాయణప్పనే పెట్టుకున్నారు. ఊరివాళ్ళను ఒక్కొక్కరినే పిలిచి, ఏం చూశావని అడిగారు. "ఏమీ చూడలేదు సామీ. అటు తిరిగి నిలబడి ఉంటిమి," అన్నారు అందరూ. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా మునినారాయణప్ప అదే మాటను ఇంగ్లీషులోకి మార్చి మార్చి చెప్పాడు. చౌడమ్మ వంతు వచ్చినప్పుడు, తన ఎనుములు కూడా చూడలేదని ఆవిడ కలిపి చెప్పింది. అది కూడా రాసుకున్నారు.

చివర గురప్పను పిలిచారు. తూము ఎందుకు ఎత్తావన్నారు.

"మళ్ళు ఎండుతా ఉంటే ఎత్తినా సామీ. చెరువులో ఏమన్నా ఉండాదా అని ముందే అడిగినా. లేదన్నారు."

మునినారాయణప్ప ఆ మాటను ఇంగ్లీషులో చెప్పాడు. లేదన్నది ఎవరని దొరలు అడిగారు. ఆ ప్రశ్నను తెలుగులోకి మార్చి గురప్పను అడగవలసింది కూడా ఆయనే.

"లేదన్నది ఎవరని అడుగుతా ఉండారు," అన్నాడు. ఆ మాట డేరా బయట ఎవరికీ వినబడలేదు. ఆ గొంతు అంత తగ్గడం అదే మొదలు.

గురప్ప ఆయన మొహంలోకి ఒకసారి చూసి, దొరల వైపు తిరిగాడు. "తెలీదు సామీ. పొద్దు గూకినాక ఎవరో కట్ట మీద పోతా చెప్పినారు. మొహం చూడలేదు."

వారంలో విచారణ తేలిపోయింది. కొన్ని వందల మంది ఎదుట పట్టపగలు చెరువులోకి దిగినా, ఆ బండిని చూసినవాడు ఒక్కడూ లేడని సాక్ష్యాల వల్ల రుజువైంది. కంటపడకుండా ఉండటమే ఆ బండి ముఖ్యమైన పని గనక పరీక్ష నెగ్గినట్టే లెక్క. హార్విల్‌ను మేజరును చేసి ఢిల్లీ పంపారు. నీళ్ళు తగ్గడాన్ని ప్రకృతి మీద వేశారు. మునినారాయణప్పను మాత్రం పనిలోంచి తీసేశారు. సైన్యపు రహస్యమైన బండి ఎక్కడుందో బహిరంగంగా, పెద్ద గొంతుతో, స్థానిక భాషలో వెల్లడించాడన్నది ఆయన మీద నేరం. కాకీ చొక్కా వెనక్కు ఇమ్మన్నారు. చెరువు బురద వదలక అది పనికిరాకుండా పోయిందని చూసి, వద్దులే అన్నారు.

బండిని లాగడానికి లారీలు తెచ్చారు, మోకులు కట్టారు. మోకులు తెగాయి. వానలొచ్చాయి. పైవాళ్ళకు ఇంకేదో కొత్త బండి మీద మనసు పోయింది. ఇనప ఎనుము చెరువులోనే ఉండిపోయింది.

వెంకటేశప్ప పాత గుమాస్తాను మళ్ళీ పెట్టుకున్నాడు. ఆయన గొంతు తగ్గిందని విని పెట్టుకున్నాడని కొందరు అన్నారు. తగ్గిన మాట నిజమే. నెల దాటినా మునినారాయణప్ప అరుగు మీద కూర్చోలేదు. మంచినీళ్ళు కావాలంటే తానే లేచి పోయి తాగేవాడు. బావి దగ్గరికి పోయినా నీళ్ళలోకి తొంగిచూడటం మానేశాడు. ఇన్నేళ్ళు మెల్లగా మాట్లాడమని పోరిన కదిరమ్మకు ఇప్పుడు ఇల్లంతా బోసిగా అనిపించింది.

"ఏమయ్యా, ఆ గురప్ప దగ్గరికి ఒకసారి పోయిరా," అంది ఒక ఆదివారం. "నీ పేరు చెప్పి ఉంటే జైలుకే పోతా ఉంటివి. ఆయనకు ఒక మాటన్నా చెప్పలేదు నువ్వు."

"ఏమని చెప్పేది?"

"అది కూడా నేనే చెప్పాల్నా?"

మునినారాయణప్ప గురప్ప భార్యకని మంచి గాజులు డజను కట్టించుకుని, బొగ్గు గ్యాసుతో నడిచే బస్సులో ఆ పొగకు దగ్గుకుంటూ మహదేవపుర చేరాడు. గురప్ప తూము దగ్గర రాతి మీద కూర్చుని ఉన్నాడు. గాజులు తీసుకున్నాడు. తూము మాట ఎత్తలేదు. చివరికి మునినారాయణప్పే, "లేదన్నది నేనే కదా గురప్పా. నువ్వెందుకు చెప్పలేదు?" అన్నాడు.

"చెబితే చెరువులో నీళ్ళు పెరుగుతాయా?" అన్నాడు గురప్ప. "అది పోనీ. ఇంత వయసొచ్చి ఈత రాదంటివే, అది నాకు బాగాలేదు. పంచె బిగించు."

నడుముకు రెండు ఎండు సొరకాయ బుర్రలు కట్టి, గురప్ప ఆయన్ను నీళ్ళలోకి దింపాడు. మొదటి ఆదివారాలు మునినారాయణప్ప చెరువులో సగం తాగేసినట్టు చౌడమ్మ ఊరంతా చెప్పింది. తన ఎనుములు పుట్టగానే ఈదుతాయని, వాటికెవరూ బుర్రలు కట్టలేదని కూడా చెప్పింది. ఆయన మానలేదు. ఎండలు ముదిరేనాటికి బుర్రలు ఒకటికి తగ్గాయి, ఆ తర్వాత అదీ పోయింది. ఈదుకుంటూ చెరువు మధ్యకు పోయి, ఆయాసం వచ్చినప్పుడు ఇనప ఎనుము మీదికెక్కి కూర్చుని, పంచె ఆరబెట్టుకునేవాడు. అంతమంది దొరల బుర్రలు ఉపయోగించి చేసిన ఆ బండి ఒక మనిషికి పనికొచ్చింది అప్పుడే.

యుద్ధం అయిపోయాక సైన్యం పాత సామాను వేలం వేసింది. చెరువులో ఏమీ లేదని ఎంతకాలం చెప్పారో, అంత తేలిగ్గా ఇప్పుడు ఉందని కాగితం పుట్టించి అమ్మేశారు. నగర్తపేట పాత ఇనుము వ్యాపారి ఒకాయన కొని, ఎండాకాలంలో నీళ్ళు అడుగంటినప్పుడు మనుషులను దించి, విప్పగలిగింది విప్పి బండ్ల మీద వేసుకుపోయాడు. మునినారాయణప్ప ఆ రోజు అంగడికి సెలవు పెట్టి వచ్చి, చివరి రేకు కదిలేదాకా గట్టున కూర్చున్నాడు. వ్యాపారి వచ్చి, ఇది ఏం బండి అన్నా, ఎందుకు చేసినారు అని అడిగితే, పొద్దువాలేదాకా చెప్పాడు. బరువులు మోసే మనుషులు పని ఆపి విన్నారు.

ఆ ఏడు వానలకు చెరువు నిండాక కదిరమ్మ తానూ వస్తానంది. చౌడమ్మ ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని, ఉడికించిన వేరుశనక్కాయలు ఒడిలో పోసింది. మునినారాయణప్ప నీళ్ళలోకి దిగి పోతూ ఉంటే ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు.

"యాడిదాకా పోతాడమ్మా?" అంది కదిరమ్మ.

"పోయినంత దూరం పోతాడు. అలసిపోతే తిరిగొస్తాడు. నువ్వు తిను," అంది చౌడమ్మ.

ఆయన తిరిగి వచ్చి, పంచె పిండుకుని, కాయలన్నీ వలిచి తినేసరికి బస్సు పోయింది. ముగ్గురూ మాట్లాడుకుంటూ కృష్ణరాజపురం స్టేషను దారి పట్టారు. మలుపు దగ్గర చౌడమ్మ ఎనుములను తోలుకుని తన ఇంటి వైపు తిరిగింది. మొగుడూ పెళ్ళామూ రైలు కోసం వడివడిగా నడిచారు.